తేటనీటిలో దాగిన లవణం

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీద నిలిచి ఎగువకు చూస్తే కృష్ణానది ఒక సరస్సువలె విస్తరించి కనిపిస్తుంది. 1855 నాటి ఆనకట్టకు బదులుగా నిర్మించిన ఈ బ్యారేజీ 1957లో పూర్తయింది. పన్నెండు లక్షల ఎకరాలకు పైబడిన డెల్టా ఆయకట్టుకు నీరు చేరేది ఇక్కడినుంచే. ఆ నీరు పొలాలకు మాత్రమే పరిమితం కాదు. కాలువల చివరనున్న శివారు గ్రామాలవారు దానితో చెరువులు నింపుకొని వేసవి అంతా తాగుతారు. బ్యారేజీకి ఎగువన, ఇబ్రహీంపట్నం - కొండపల్లి ప్రాంతంలో, 1979 నుంచి పనిచేస్తున్న నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రమూ, కొండపల్లి పారిశ్రామికవాడా ఉన్నాయి. వరిమడికీ, తాగునీటి బిందెకూ, యంత్రానికీ ఆధారం ఒకే నది.

వరదకాలంలో ఎర్రబారిన కృష్ణనీటిని పూర్వం ఇళ్లలో చిల్లగింజ అరగదీసి తేటపరచుకొనేవారు. సంస్కృతంలో దీనినే కతకబీజమంటారు. నేడు నీటిశుద్ధి కేంద్రాలలో పటిక ఆ పని చేస్తున్నది. అయితే ఇవి నీటిలో తేలియాడే మట్టిని మాత్రమే అడుగున చేర్చగలవు. నీటిలో పూర్తిగా కరిగిపోయిన లవణాన్ని కదిలించలేవు. పైగా పటిక కూడా ఒక సల్ఫేటే! ఈ వ్యాసంలో మనం తెలుసుకోబోయే సల్ఫేటు అటువంటి కరిగిన పదార్థం. కంటికి కనపడదు, వాసన లేదు, కాచినా పోదు, ఇసుకలో వడపోసినా పోదు.

రసాయనశాలలో లవణవిశ్లేషణ చేసిన విద్యార్థులకు దీనితో పరిచయముంటుంది. ద్రావణంలో బేరియం క్లోరైడు చుక్కలు వేయగానే పాలవంటి తెల్లని అవక్షేపం ఏర్పడి, హైడ్రోక్లోరికామ్లం పోసినా కరగకపోతే, అందులో సల్ఫేటు ఉన్నదని రాసుకొంటాం. ఈ చిన్న పరీక్షలోనే నీటిశుద్ధి సూత్రమంతా ఇమిడి ఉంది. కరిగిన లవణాన్ని కరగని రాయిగా మార్చడమే ఆ సూత్రం.

మనదేశపు తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో సల్ఫేటు 200 మిల్లీగ్రాములకు మించరాదు. వేరే నీటివనరు లేనప్పుడు 400 వరకు అనుమతిస్తారు. అంతకు మించితే నీరు చేదెక్కుతుంది, విరేచనాలు కలిగించవచ్చు. విరేచనానికి వాడే ఎప్సం ఉప్పు మెగ్నీషియం సల్ఫేటే కదా. వరిమడి సంగతి వేరు. పంటకు గంధకం కొంత అవసరమే. కాని నిలువనీటి కింద గాలి సోకని బురదలో కొన్ని సూక్ష్మజీవులు సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. ఆ వాయువు మితిమీరి, నేలలో దానిని బంధించే ఇనుము చాలనప్పుడు వరివేళ్లు నల్లబడతాయి. మురుగుకాలువల దగ్గర కుళ్లిన కోడిగుడ్డు వాసనకు కారణం కూడా అదే. మన నిఘంటువులలో గంధకానికి 'శుల్వారి' అనే పర్యాయపదం ఉంది. రాగికి శత్రువని దాని అర్థం. పేరు పెట్టిన పూర్వులు లోహాన్నే చెప్పారు. నేడు కాంక్రీటును కూడా చేర్చవలసి ఉంటుంది.

పరిశ్రమల నీటిలోకి సల్ఫేటు అనేక మార్గాల్లో చేరుతుంది. గంధకికామ్లం వాడని రసాయన పరిశ్రమలు తక్కువ. విద్యుత్ కేంద్రాల శీతలీకరణ గోపురాలలో నీరు ఆవిరైపోతుంది, లవణం మిగిలిపోతుంది. లీటరుకు 40 మిల్లీగ్రాములున్న నీరు అయిదవ వంతుకు ఇంకితే అది 200 అవుతుంది.

దీనిని తొలగించే ఉపాయాలలో ఎక్కువగా వాడుకలో ఉన్నది సున్నం. సున్నంలోని కాల్షియం సల్ఫేటుతో కలిసి జిప్సంగా అడుగున పేరుకొంటుంది. సున్నం చవక, అంతటా దొరుకుతుంది, ఆమ్లాన్ని కూడా విరుస్తుంది. కాని జిప్సం నీటిలో కొంత కరుగుతుంది. అందువల్ల ఎంత సున్నం పోసినా సాధారణంగా లీటరుకు 1500 మిల్లీగ్రాముల దరిదాపుల్లో సల్ఫేటు మిగిలిపోతుంది. సోడియం సల్ఫేటు రూపంలో ఉన్న నీటిలోనైతే సున్నం ఆ మాత్రం కూడా చేయలేదు. సున్నానికి బదులు కాల్షియం క్లోరైడు వేస్తే ఒక లవణాన్ని తీసి మరొకదానిని వదిలినట్లవుతుంది.

బేరియం లవణాలు అంతకన్న సమర్థమైనవి. బేరియం సల్ఫేటు లీటరు నీటిలో రెండు మూడు మిల్లీగ్రాములకు మించి కరగదు. రాయలసీమలోని మంగంపేటలో తవ్వితీసే ముగ్గురాయి ఇదే పదార్థం. ప్రపంచంలోని పెద్ద నిక్షేపాలలో అదొకటి. ఆ రాయిని బొగ్గుతో కాల్చి, దాని నుంచి బేరియం కార్బొనేటు తయారుచేసి నీటిశుద్ధికి వాడవచ్చు. అయితే ఖర్చు ఎక్కువ. కరిగిన బేరియం విషం కూడా. మోతాదు తప్పితే రోగం కన్న మందే ప్రమాదకరమవుతుంది.

మూడవ పద్ధతి మరింత ఆసక్తికరమైనది. సున్నంతో పాటు అల్యూమినియం హైడ్రాక్సైడును చేర్చి, నీటి పీహెచ్ విలువను 11.5 దాటిస్తే, ఎట్రింగైట్ అనే ఖనిజం ఏర్పడుతుంది. జర్మనీలోని ఎట్రింగెన్ గ్రామం వద్ద దీనిని మొదట గుర్తించడంతో 1874లో ఆ పేరు వచ్చింది. కాల్షియం, అల్యూమినియం, సల్ఫేటు, నీరు కలిసిన స్ఫటికమిది. దీని బరువులో దాదాపు సగం నీరే. సల్ఫేటు నీరు తగిలిన కాంక్రీటు ఉబ్బి పగలడానికి ముఖ్యకారణం గోడలోపల పుట్టే ఈ ఖనిజమే! వంతెనల స్తంభాలను చీల్చే పదార్థాన్ని తొట్టిలో పుట్టించి మన పని చేయించుకొంటున్నామన్నమాట. దీనితో సల్ఫేటును 200 మిల్లీగ్రాముల కన్న తక్కువకు దించవచ్చు. తరువాత బొగ్గుపులుసు వాయువును పంపి పీహెచ్‌ను తగ్గిస్తే మిగిలిన కాల్షియం సుద్దగా దిగిపోతుంది. దక్షిణాఫ్రికాలో గనుల నీటికోసం మింటెక్ సంస్థ రూపొందించిన సావ్‌మిన్ పద్ధతి ఇటువంటిదే. అందులో ఎట్రింగైట్‌ను మళ్లీ విడగొట్టి అల్యూమినియం హైడ్రాక్సైడును తిరిగి రాబట్టుకొంటారు.

ఇంతవరకు నీటిని గురించి చెప్పుకొన్నాం. తొట్టి అడుగున మిగిలే బురద మాట సాధారణంగా ఎవరూ ఎత్తరు. లెక్క చూడండి. ఒక కిలో సల్ఫేటు తొలగిస్తే కిలో ఎనిమిది వందల గ్రాముల జిప్సం వస్తుంది. ఎట్రింగైట్ అయితే నాలుగు కిలోలకు పైగా, అదీ తడి ఆరిన తరువాత. శుభ్రమైన జిప్సానికి గిరాకీ ఉంది. జగ్గయ్యపేట వంటి చోట్ల సిమెంటు కర్మాగారాలకు అది కావాలి. కారుచౌడు నేలలను బాగుచేయడానికి రైతులు దానిని చల్లుతారు. భారలోహాలు కలిసిన బురదను మాత్రం పొలానికి పంపరాదు. నీరు ఇంకని అడుగుపొర వేసిన సురక్షిత గుంతలలో దానిని పూడ్చాలి.

ఎట్రింగైట్‌కు మరొక స్వభావముంది. క్షారత్వం తగ్గితే అది విడిపోతుంది. పీహెచ్ 10 కన్న దిగితే రాయిగా మారిన సల్ఫేటు మళ్లీ నీటిలోకి దిగుతుంది. డెల్టాలో భూగర్భజలం చాలాచోట్ల కొద్ది అడుగుల లోతులోనే ఉంటుంది. కాలువగట్టున ఆరుబయట పోసిన గుట్ట మీద శ్రావణమాసపు వాన నాలుగు రోజులు కురిస్తే, తొట్టిలో అంత ఖర్చుతో పట్టుకొన్న లవణం గట్టు దిగి అదే కాలువలో కలుస్తుంది.