వినబడని సగము

రేడియోలో హాస్యము మనకు చెవి ద్వారముననే రావలెను. వేషము లేదు, అభినయము లేదు. మాట యొక్కటే ఆధారము. కాని మాట లేని చోటున గూడ నవ్వు పుట్టించవచ్చునని అమెరికా హాస్యప్రసంగకుడు బాబ్ న్యూహార్ట్ నిరూపించెను.

ఆయన 1929లో చికాగో సమీపమున జన్మించెను. లెక్కల గుమాస్తాగా ఉన్న రోజులలో, ఒక మిత్రునితో టెలిఫోనులో వేడుక సంభాషణలు నడపి, రికార్డు చేసి రేడియో కేంద్రములకు పంపెడివాడు. కొన్నాళ్లకు మిత్రుడు తప్పుకొనెను. సంభాషణలో సగమే మిగిలెను. ఆ లోపమే ఆయనకు కళయైనది.

వేదికపై ఆయన ఫోనులో మాటలాడుచున్నట్లు నిలుచును. అవతలివాని మాట మనకు వినబడదు. ఈయన కొంత ఆగి, తడబడి, బదులు చెప్పును. ఆ బదులును బట్టి అవతలి మాటను మనమే ఊహించుకొందుము. ఒక ప్రసంగములో ప్రచార సలహాదారు లింకనుతో మాటలాడుచు, గడ్డము తీయవద్దనియు, గెటిస్‌బర్గు ఉపన్యాసము మార్చవద్దనియు బతిమాలును. లింకను ఏమనెనో ఎవ్వరును చెప్పరు. మనకు మాత్రము తెలిసిపోవును.

ఆయనకు స్వతహాగా కొంచెము నత్తి. దానిని దాచక, బెదరిన సామాన్యుని గొంతుగా మలచుకొనెను. అంతవరకు నైట్‌క్లబ్బు వేదిక నెక్కి యెరుగని ఆయన, 1960లో హ్యూస్టన్ నగరమున శ్రోతల యెదుట తొలి ఆల్బము రికార్డు చేసెను. పాటల రికార్డులను దాటి, 1961లో అది ఉత్తమ ఆల్బముగా గ్రామీ బహుమతి నందెను. తరువాత టెలివిజనులో దీర్ఘకాలము రాణించి, 2024లో 94 ఏండ్ల వయస్సున కన్నుమూసెను.

నవ్వించువాడు అన్నియు తానే చెప్పనక్కరలేదు. సగము మనకు వదలినచో, ఆ నవ్వు మన సొంతమగును.