ఈ నెల రోజులూ మీ పిల్లలవే!

"శివరాత్రికి చలి శివ శివా అంటూ వెళ్ళిపోతుంది" అంటారు మన పెద్దలు. ఆనాటి నుండి ఉగాది వరకు దాదాపు నెల రోజులు. తెల్లవారుజామున వణికించే చలి తగ్గుతుంది. నడివేసవి ఎండలు ఇంకా రావు. మామిడి పిందె కడుతుంది, మోదుగ చెట్లు నిప్పురంగులో పూస్తాయి. చిన్నపిల్లలు బయట ఆడుకోవడానికి మన ప్రాంతంలో ఇంత అనువైన రోజులు ఏడాదిలో మరి కొన్నే ఉంటాయి.

కాని చాలా ఇళ్ళలో జరిగేదేమిటి? "మంచు పడుతోంది, జలుబు చేస్తుంది" అని మాఘమాసమంతా తలుపు మూస్తాం. "ఎండలో తిరగకు, వడదెబ్బ తగులుతుంది" అని చైత్రం రాగానే మళ్ళీ మూస్తాం. నడుమనున్న ఈ నెల రోజులు టీవీ ముందు, సెల్‌ఫోన్ ముందు గడిచిపోతాయి. ఈసారి అలా జరగనివ్వకండి.

ఆట తిండితో సమానం

ఏడాది నుండి నాలుగేళ్ళ లోపు పిల్లలు రోజు మొత్తంమీద కనీసం మూడు గంటలు కదులుతూ, ఆడుతూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మూడు, నాలుగేళ్ళ పిల్లలైతే అందులో ఒక గంట ఆయాసం వచ్చేలా పరుగెత్తే ఆట ఉండాలి. రెండేళ్ళు నిండని పిల్లలకు టీవీ, సెల్‌ఫోన్ చూపించనే కూడదు. ఆపైన నాలుగేళ్ళ వరకు రోజుకు గంట మించకూడదు. ఎంత తగ్గితే అంత మంచిది.

పగటి వెలుతురులో ఎక్కువసేపు ఆడుకునే పిల్లలకు హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకగా కనబడే లోపం, వచ్చే అవకాశం తగ్గుతుందని కూడా పరిశోధనలలో తేలింది. ఇక జలుబు సంగతి. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. తలుపులు మూసిన గదిలో నలుగురు దగ్గరగా కూర్చున్నప్పుడే అది సులువుగా అంటుకుంటుంది. చల్లగాలికి భయపడి పిల్లవాణ్ణి గదిలో బంధించినందువల్ల లాభం లేదు.

మీరూ ఆడండి

ఇందుకు డబ్బు ఖర్చు లేదు. మూడేళ్ళ పాపతో చెమ్మచెక్క, ఒప్పులకుప్ప ఆడవచ్చు. అయిదారేళ్ళ వాళ్ళకు తొక్కుడుబిళ్ళ, దాగుడుమూతలు, నాలుగు స్తంభాలాట నేర్పండి. పెరడు లేదంటారా? మేడమీది డాబా చాలు; అయితే పిట్టగోడ పిల్లవాడి ఎత్తుకు మించి ఉండాలి, పెద్దవాళ్ళు ఒకరు పక్కనే ఉండాలి. ఆదివారం ఉదయం వీధిచివరి చెట్టు దగ్గరకు తీసుకువెళ్ళి, "కోయిల ఎక్కడుందో చెప్పు చూద్దాం" అనండి. అరగంట ఎలా గడిచిందో మీకే తెలియదు. నాన్న ఆఫీసు నుండి వచ్చి పత్రిక పట్టుకునే ముందు ఒక్క అరగంట బంతి ఆడితే పిల్లలకు ఎంత సంబరమో ఈ సాయంత్రమే చూడండి.

బట్టలు, నీళ్ళు, తిండి

ఉదయం చలి, పదకొండింటికి ఎండ. కనుక లోపల పలుచని నూలు చొక్కా, పైన స్వెట్టర్ వేయండి. ఒళ్ళు వేడెక్కగానే స్వెట్టర్ తీసేయండి. చెమటకు తడిసిన చొక్కా మార్చండి.

ఆట ధ్యాసలో పిల్లలు దాహాన్ని మరచిపోతారు. అరగంటకొకసారి మీరే పిలిచి నీళ్ళు తాగించండి. ఇంట్లో చేసిన మజ్జిగ, నిమ్మరసం మంచివి. రోడ్డుపక్కన కోసి పెట్టి, ఈగలు ముసిరే పుచ్చకాయ ముక్కలు వద్దు. కాయ కొని ఇంటికి తెచ్చి కోయండి.

ఒక ముఖ్యమైన జాగ్రత్త: అయిదేళ్ళలోపు పిల్లలకు ద్రాక్షపండు నిలువునా చీల్చి పెట్టండి. రేగుపండు గింజ తీసి ఇవ్వండి. వేరుశనగ గుళ్ళు గుళ్ళుగా పెట్టకండి. పరుగెత్తుతూ నమిలితే గొంతుకు అడ్డం పడి ప్రాణం మీదకు వస్తుంది. తినేటప్పుడు కూర్చుని తినాలన్నది ఇంటి నియమంగా పెట్టుకోండి.

హోళీనాడు

మోదుగపూలను నీళ్ళలో మరిగించి చల్లార్చి వడకడితే చక్కని రంగు వస్తుంది. పూలు ఏరే పని పిల్లలకు ఇవ్వండి, మరిగించే పని మీరు చేయండి. రంగు కంట్లో పడితే నలపనివ్వక మంచినీళ్ళతో బాగా కడగండి. రంగులు కడుక్కునేందుకు పిల్లలను చెరువుకూ కాలువకూ పంపకండి. పండుగపూట కడుపుకోత తెచ్చేది ఈ ఏమరుపాటే.

ఆటలమ్మ వస్తే

ఈ రోజుల్లోనే ఆటలమ్మ ఎక్కువగా కనబడుతుంది. ఇదీ వైరస్ వల్ల వచ్చేదే. నీటిపొక్కులు అన్నీ ఎండి పక్కు కట్టేవరకు పిల్లవాణ్ణి బడికీ ఆటకూ పంపకండి. గోళ్ళు కత్తిరించండి. గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయించవచ్చు, మామూలు తిండి పెట్టవచ్చు. పథ్యం పేరుతో కడుపు మాడ్చకండి. జ్వరానికి ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకూడదు. మగతగా పడి ఉన్నా, ఆయాసపడినా, నీళ్ళు తాగకపోయినా వెంటనే డాక్టరుకు చూపించండి. ఆటలమ్మకు టీకా ఉంది. మీ డాక్టరును అడగండి. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండగానే ఒకసారి, పదహారు నుండి ఇరవై నాలుగు నెలల మధ్య మరోసారి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా వేస్తారు. రెండూ పడ్డాయో లేదో మీ కార్డు ఒకసారి తీసి చూడండి.

ఒంటిపూట బడులు

మార్చి నడిమికి సాధారణంగా ఒంటిపూట బడులు మొదలవుతాయి. పిల్లలు సరిగ్గా ఎండ ముదిరే వేళకు ఇల్లు చేరతారు. పదకొండు నుండి నాలుగు వరకు నీడపట్టున అష్టాచెమ్మా, వామనగుంటలు ఆడించండి. పొద్దు వాలాక మళ్ళీ వీధిలోకి వదలండి.

ఉగాది ముందురోజు మీ పిల్లలను వెంట తీసుకువెళ్ళి వేపపువ్వు కోసుకు రండి. పచ్చడిలో పువ్వు వాళ్ళ చేతనే వేయించండి. చేదని మొహం చిట్లించినా, తాము తెచ్చిన పువ్వు గనుక తప్పక రుచి చూస్తారు. ఆ తర్వాత ఎండలు వస్తే రానివ్వండి. మీ పిల్లల నెల రోజులు వృథా పోలేదు.