చీకటి రైడుకు చెవులే సాక్ష్యం

కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’ పడవ రైడు 1967లో మొదలైంది. పడవ కదలగానే కీచురాళ్ల రొద, కప్పల బెకబెక, దూరాన బాంజో. కాసేపటికి పడవ చీకట్లో పల్లానికి జారుతుంది, నీళ్ల హోరు రెండు చెవుల్నీ కమ్మేస్తుంది. ఇలాంటి రైడును ఫోనులో వీడియో తీస్తే చాలాచోట్ల తెర మీద మిగిలేది నలుపే. శబ్దం అలా కాదు. బాంజో ఏ పక్క మోగిందో, హోరు ఎటునుంచి వచ్చిందో కూడా దాచుకోవచ్చు. అందుకు పనికొచ్చేది, రెండు చెవుల చోట రెండు మైకులు పెట్టి తీసే బైనారల్ రికార్డింగ్.

మన రెండు చెవుల మధ్య తల అడ్డంగా ఉంది. కిటుకంతా అక్కడే. కుడి నుంచి వచ్చే శబ్దం తలను చుట్టి ఎడమ చెవికి చేరేసరికి సుమారు 0.65 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. మనకు ఎదురుగా ఉన్న శబ్దం కొద్దిగా పక్కకు జరిగితే, సెకనులో లక్షో వంతు తేడాను కూడా మెదడు పసిగట్టగలదు. కీచు శబ్దాలనైతే తల అడ్డగించి అవతలి చెవికి నీరసంగా చేరుస్తుంది. బొంగురు శబ్దాల దిక్కు తెలిసేది కాలంలో తేడా వల్ల, కీచు శబ్దాలది తీవ్రతలో తేడా వల్ల అని భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లో వివరించాడు. పైనా కిందా, ముందూ వెనకా తేల్చడంలో చెవి డొప్పది పెద్ద పాత్ర. దాని మడతలు ఒక్కో దిక్కు నుంచి వచ్చే శబ్దాన్ని ఒక్కో తీరుగా మారుస్తాయి. మామూలు స్టీరియో మైకులకు తలా లేదు, డొప్పా లేదు.

1881లోనే పారిస్ విద్యుత్ ప్రదర్శనలో ఫ్రెంచి ఇంజనీరు క్లెమాఁ అదేర్ ఒపేరా వేదిక మీద టెలిఫోను మైకులు పెట్టి, చెవికొక రిసీవరు చొప్పున జనానికి వినిపించాడు. 1933 షికాగో ప్రపంచ ప్రదర్శనలో బెల్ ల్యాబ్స్ వారు చెవుల దగ్గర మైకులున్న ‘ఆస్కార్’ అనే బొమ్మ మనిషిని చూపించారు. నేడు నాయ్‌మాన్ కంపెనీ కేయూ 100 డమ్మీ తల ప్రసిద్ధం. కానీ రోలర్ కోస్టర్ సీట్లో డమ్మీ తలను ఎవరు కూర్చోనిస్తారు? అందుకే ఔత్సాహికులు ఇయర్‌ఫోన్లంత చిన్న మైకులను తమ చెవుల్లోనే పెట్టుకుంటారు.

అసలు కష్టం గాలితో. అది మైకు పొర మీద నేరుగా కొట్టి, మిగతా శబ్దాలన్నిటినీ మింగేస్తుంది. బొచ్చు తొడుగు కొంత కాపాడుతుంది. బొంగురు శబ్దాలను కోసేసే ఫిల్టరు పెడితే గాలి మోత తగ్గుతుంది గానీ పట్టాల గరగర కూడా పోతుంది. అందుకని ఆ కోత ఇంటికొచ్చాక తీరిగ్గా చెయ్యడమే మేలని నా అభిప్రాయం.

తర్వాతి చిక్కు శబ్ద స్థాయిది. కోస్టర్ బండిని గొలుసు పైకి లాగుతున్నంతసేపూ టకటక వినిపిస్తుంది. బండి వెనక్కి జారకుండా ఇనుప నాలుక పళ్ల మీద ఒక్కొక్కటిగా పడే చప్పుడది. దాన్ని బట్టి స్థాయి పెట్టారో, శిఖరం దాటగానే వచ్చే కేకలకు రికార్డింగు పగిలిపోతుంది. కేకలను బట్టే పెట్టాలి. చిన్న చప్పుడునూ పెద్ద కేకనూ ఒకే అమరికతో పట్టుకునే 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు వచ్చాక ఈ బెంగ చాలావరకు తగ్గింది గానీ, మైకే తట్టుకోలేకపోతే అవీ ఏమీ చెయ్యలేవు. మెడ కూడా స్థిరంగా ఉండాలి. మీరు పక్కకు తిరిగితే, వినేవారికి రైడంతా గిర్రున తిరిగినట్టుంటుంది.

ఈ శ్రమ ఎందుకంటే, రైడ్లు శాశ్వతం కావు. ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1995 నుంచి 2003 దాకా ‘ఏలియన్ ఎన్‌కౌంటర్’ అనే ప్రదర్శన నడిచింది. కటిక చీకట్లో సీట్లకు కట్టేసినట్టు కూర్చున్న ప్రేక్షకులకు, చెవి పక్కన అమర్చిన స్పీకర్లు గ్రహాంతర జీవి తమ వెనకే మసలుతున్నట్టు వినిపించేవి. బైనారల్ శబ్దమే దాని ప్రాణం. మూతపడిన ఇలాంటి వాటిని బొమ్మల్లో చూసి ఊహించుకోవడం అసాధ్యం.

మీకూ ఆసక్తి ఉంటే ముందు కోస్టర్ జోలికి పోకండి. ఎగ్జిబిషన్‌లో మౌత్ కా కువా అంచున కదలకుండా నిలబడి, కింద చుట్టూ తిరిగే మోటారు సైకిలును రికార్డు చెయ్యండి. గాలి బెడద తక్కువ, దిక్కు మారడం స్పష్టంగా తెలుస్తుంది. రైడు ఎక్కేటప్పుడు సిబ్బంది అనుమతి అడగండి, రికార్డరు జిప్పు జేబులోనే ఉండాలి. అసలు ఫైలును ఎంపీ3గా కుదించకుండా, తేదీ, సీటు వరస రాసి భద్రపరచండి. వినేటప్పుడు మాత్రం హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. స్పీకర్లలో కుడి శబ్దం ఎడమ చెవికీ చేరి దిక్కులన్నీ కలిసిపోతాయి.