ఇంజిన్‌కు ఊదుగొట్టం

బంపర్ ఊడదీసి గరాజ్‌లో నిలబెట్టిన కారును వీడియో కాల్‌లో చూసి మా అత్తగారు, "బాగా నడుస్తున్న కారును ఎందుకు విప్పారమ్మా?" అని అడిగారు. సబబైన ప్రశ్నే. పాడైనదాన్ని బాగుచేసుకోవడం అందరికీ అర్థమవుతుంది. బాగున్నదాన్ని విప్పి ఇంకో యంత్రం తగిలించడం అంటే ఎవరికైనా కాస్త పిచ్చిగానే కనిపిస్తుంది. కారుకు సూపర్‌చార్జర్ పెట్టడం గురించి ఇక్కడ రాస్తున్నానంటే మీకూ అలాగే అనిపించవచ్చు. కానీ ఇందులో మన ఇంటి డబ్బుంది, కొంత ప్రాణభయం ఉంది, డిగ్రీలో చదివి మరిచిపోయామనుకున్న ఫిజిక్స్ అంతా ఉంది. అందుకే రాస్తున్నాను.

మేముండేది కాలిఫోర్నియాలోని ఫోల్సమ్‌లో. ఇక్కడి నుంచి హైవే 50 ఎక్కితే ప్లాసర్‌విల్ మీదుగా లేక్ టాహో వైపు ఎక్కుడే ఎక్కుడు. ఊళ్ళో కొద్ది వందల అడుగుల ఎత్తులో ఉన్న దారి ఎకో సమ్మిట్ దగ్గర 7,377 అడుగులకు చేరుతుంది. పిల్లలతో వెళ్ళేటప్పుడు మినీవ్యాన్. మావారి ముద్దుల కారు మాత్రం 2013 సుబారు బీఆర్‌జెడ్. వెనక సీట్లలో మా పాప తప్ప ఎవరూ పట్టరు. దాని ఇంజిన్ రెండు లీటర్లది, 200 హార్స్‌పవర్. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి, ఎకో సమ్మిట్ దగ్గర ఆ 200లో పావు వంతు దాకా మిగలదు. లారీని దాటాలంటే గేరు రెండు మెట్లు దించి, ఇంజిన్‌ను అరిపించి, అప్పటికీ ఊపిరి బిగబట్టుకుని దాటాలి.

మావారు నాలుగేళ్ళుగా సూపర్‌చార్జర్ మాట ఎత్తుతూనే ఉన్నారు. కిట్టు నాలుగైదు వేల డాలర్లు. షాపులో పెట్టిస్తే కూలి అదనం. ఇంజిన్ గనక పోతే మరో ఇంజిన్‌కు అంతకన్నా ఎక్కువవుతుంది. ఆ ఏడాది మా చేతిలో ఉన్న అదనపు డబ్బల్లా ఇండియా టికెట్ల కోసం దాచినదే. అందుకని నేను మూడు షరతులు పెట్టాను. ముందు ఇంజిన్ ఆరోగ్యం తేలాలి. చట్టప్రకారం కాలిఫోర్నియాలో చెల్లే కిట్టే కొనాలి. టికెట్ల డబ్బు ముట్టుకోకూడదు, కూలి మిగిలేలా పని మనమే చేసుకోవాలి. మూడోదానికి ఆయన ఎగిరి గంతేశారు. "మనమే" అంటే నేను కూడానని అప్పటికి ఆయనకు తట్టలేదు!

అసలు సంగతి చెప్తాను. కట్టెల పొయ్యి దగ్గర అమ్మమ్మలు ఊదుగొట్టంతో ఊదడం చూసినవాళ్ళకు సూపర్‌చార్జర్ కొత్త కాదు. నిప్పు మందగిస్తే గాలి ఊదుతాం, మంట లేస్తుంది. ఇంజిన్ మామూలుగా గాలిని తనంతట తను పీల్చుకుంటుంది, వాతావరణ పీడనం ఎంత తోస్తే అంతే లోపలికి వస్తుంది. సముద్రమట్టం దగ్గర అది 14.7 పీఎస్ఐ. సూపర్‌చార్జర్ ఆ గాలిని నొక్కి మరీ సిలిండర్లలోకి తోస్తుంది. తిప్పడానికి కావలసిన శక్తిని బెల్టు ద్వారా ఇంజిన్ నుంచే తీసుకుంటుంది. టర్బో అయితే పొగగొట్టంలోంచి వెళ్ళే వేడి వాయువులతో తిరుగుతుంది, తేడా అంతే.

అయితే పొయ్యిలో కట్టెలు లేకుండా ఎంత ఊదినా లాభం లేదు. 14.7 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు అన్నది మామూలు లెక్క (ఈ 14.7కూ పైన చెప్పిన పీడనానికీ సంబంధం లేదు, అంకెలు కలిశాయంతే). గాలి పెంచితే పెట్రోలూ పెంచాలి. బరువు మీదున్నప్పుడు ఇంకాస్త ఎక్కువే పోసి, 12కి ఒకటి దగ్గర ఉంచుతారు, ఆ అదనపు పెట్రోలు లోపలి వేడిని తగ్గిస్తుంది. పెట్రోలు చాలకపోతే వేడి పెరిగి పిస్టన్ కరిగిపోయే దాకా వస్తుంది. సూపర్‌చార్జర్ పెట్టి ఇంజిన్ పోగొట్టుకున్నవాళ్ళలో చాలామంది కథ ఇదే.

ఈ యంత్రం పుట్టుక కూడా తమాషాగా ఉంటుంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌లో రూట్స్ అన్నదమ్ములకు ఉన్ని మిల్లు ఉండేది. దాని కోసం నీటి చక్రాన్ని మెరుగు చేయబోతే అది గాలి ఊదే యంత్రంగా బాగా పనికొచ్చింది. 1860లో పేటెంట్ తీసుకున్నారు. కొలుములకు, గనులకు గాలి ఊదిన ఆ యంత్రమే తర్వాత కార్లకెక్కింది. 1921లో మెర్సిడెస్ సూపర్‌చార్జర్ ఉన్న కార్లను అమ్మకానికి చూపించింది.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి బియాట్రిస్ షిల్లింగ్. ఇంగ్లండులో ఇంజినీరు. మోటార్‌సైకిల్ మీద బ్రూక్‌లాండ్స్ ట్రాకులో గంటకు వంద మైళ్ళు దాటి తిరిగి గోల్డ్ స్టార్ తెచ్చుకున్న మహిళ. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ యుద్ధవిమానాలకు సూపర్‌చార్జర్ ఉన్న మెర్లిన్ ఇంజిన్లు ఉండేవి. విమానం ముక్కు ఒక్కసారిగా కిందికి వంచితే ఇంధనం అదుపు తప్పి ఇంజిన్ ఆగినంత పని అయ్యేది. ఆవిడ 1941లో ఇంధనం దారిలో చిన్న రంధ్రమున్న బిళ్ళ ఒకటి పెట్టించి ఆ గండం గట్టెక్కించింది. బిళ్ళ సైజు చూస్తే మన పట్టీల గజ్జె కన్నా పెద్దగా ఏమీ ఉండదు.

సరే, మా లెక్కకు వస్తాను. కిట్టు ఇచ్చే అదనపు పీడనం ఎక్కువలో ఎక్కువ 7 పీఎస్ఐ. అంటే 14.7 కాస్తా 21.7 అవుతుంది, దాదాపు ఒకటిన్నర రెట్లు. మావారు వెంటనే, "48 శాతం ఎక్కువ పవర్!" అన్నారు. అక్కడే ఆపాను. సైకిల్‌కు గాలి కొట్టాక పంపు అడుగున పట్టుకుంటే చురుక్కుమంటుంది కదా? గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కితే పలచబడుతుంది. మా ఊరి ఎండ 38 డిగ్రీలనుకుని, యంత్రం సామర్థ్యం 70 శాతం అనుకుని లెక్క కడితే, నొక్కిన గాలి 91 డిగ్రీలకు పోతుంది. అప్పుడు నిజంగా లోపలికి వెళ్ళే గాలి పెరిగేది 26 శాతమే. అదే గాలిని బంపర్ వెనక ఇంటర్‌కూలర్‌లో 55 డిగ్రీలకు చల్లారిస్తే 40 శాతం దాకా వస్తుంది. కిట్టులో ఇంటర్‌కూలర్ ఉండాల్సిందేనని అప్పుడే తేలిపోయింది. దానికి మరికొంత ఖర్చయినా నేనే ఒప్పుకున్నాను.

వేడికి ఇంకో భయం కూడా ఉంది. ఈ ఇంజిన్ కంప్రెషన్ 12.5కి ఒకటి, అసలే ఎక్కువ. దానిమీద వేడిగాలి తోస్తే స్పార్క్ వెలిగించిన మంట పాకేలోపే మూలల్లో మిగిలిన మిశ్రమం తనంతట తనే భగ్గుమంటుంది. సుత్తితో కొట్టినట్టు చప్పుడు వస్తుంది కాబట్టి దాన్ని నాక్ అంటారు. అందుకే స్పార్క్ టైమింగ్ కాస్త వెనక్కి జరపాలి. పెట్రోలు కూడా మంచిదే పోయాలి. కాలిఫోర్నియాలో మామూలుగా దొరికే ప్రీమియం 91 ఆక్టేన్. వేరే రాష్ట్రాల్లో దొరికే 93కు రాసిన సాఫ్ట్‌వేర్‌ను ఇక్కడ వేసుకోకూడదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలో బయటి కంపెనీ సూపర్‌చార్జర్ పెట్టాలంటే దానికి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉండాలి. అది కూడా సరిగ్గా ఆ మోడల్‌కు, ఆ సంవత్సరానికి వర్తించాలి. స్మాగ్ చెక్ చేసేవాళ్ళు హుడ్ ఎత్తి స్టిక్కర్ చూస్తారు. 2021 జూలై నుంచి కారు కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను కూడా పరీక్షిస్తున్నారు. అంటే కిట్టుతో ఆమోదం పొందిన సాఫ్ట్‌వేరే ఉండాలి. తెలిసినవాడెవడో ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి ఇంకో ఇరవై హార్స్‌పవర్ ఇస్తానంటే వద్దనాలి. లండన్‌లో ఉన్నవాళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే చెప్పాలి. దుబాయ్‌లో అనుమతి లేకుండా ఇంజిన్ మారిస్తే జరిమానా, పైగా కారు పట్టుకుపోతారు. ఇక్కడ మేమూ ఇన్సూరెన్స్‌వాళ్ళకు చెప్పాం, ప్రీమియం కాస్త పెరిగింది.

కిట్టు ఆర్డర్ చేసేముందు నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష చేశాం. వాటి మధ్య తేడా పది శాతం లోపే వచ్చింది. అలా రాకపోతే ఈ వ్యాసం లేదు. ఇది పడుకున్న ఇంజిన్, సిలిండర్లు చెరోపక్కకు ఉంటాయి. స్పార్క్ ప్లగ్గులు ఫ్రేము సందులో ఇరుక్కుని ఉంటాయి. మావారి చెయ్యి అక్కడ దూరలేదు, నా చెయ్యి దూరింది. ఆ రోజు నుంచి గరాజ్‌లో నా హోదా మారింది. వేడిని త్వరగా వదిలే, ఒక మెట్టు చల్లటి రకం ప్లగ్గులు తర్వాత నేనే బిగించాను.

పని మూడు వారాంతాలు పట్టింది. చేయి తిరిగిన మెకానిక్కులు ఒకటి రెండు రోజుల్లో ముగిస్తారు, మాకు ఆ తొందర లేదు. మొదటి శనివారం మొత్తం విప్పడానికే సరిపోయింది. బ్యాటరీ వైరు తీసి, ముందు భాగం ఎత్తి, జాక్ స్టాండ్ల మీద నిలిపాం. దయచేసి ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, జాక్‌ను మాత్రమే నమ్ముకుని కారు కిందికి ఎవరినీ వెళ్ళనివ్వకండి. అది ఎత్తడానికే గానీ మోయడానికి కాదు. స్టాండ్లు పెట్టాక కారును రెండు చేతులతో కదిపి చూసి, కదలకపోతేనే లోపలికి దూరాలి.

ఊడదీసిన ప్రతి బోల్టూ జిప్‌లాక్ సంచిలో వేసి, ఎక్కడిదో, ఎన్నో, ఎంత బిగించాలో పైన రాశాను. మాన్యువల్ ప్రింటు తీసి, ఒక్కో అడుగు పక్కన ఇద్దరం విడివిడిగా టిక్కు పెట్టేలా గళ్ళు గీశాను. గాలి గొట్టం తీయగానే తెరుచుకున్న నోటికి టేపు అంటించాం, అందులో చిన్న వాషర్ పడినా ఇంజిన్ పోయినట్టే. రెండోవారం ఇంటర్‌కూలర్, గొట్టాలు, కొత్త బ్రాకెట్ పెట్టాం. పెట్టెలో బ్రాకెట్ బోల్టు ఒకటి తక్కువ వచ్చింది. అలాంటిదే ఒకటి హార్డ్‌వేర్ షాపులో తెద్దామని మావారు లేచారు. ఆ బోల్టు పడే ఒత్తిడికి దాని గ్రేడు ముఖ్యం కాబట్టి, అమ్మినవాళ్ళ దగ్గర నుంచే తెప్పించుకున్నాం. నాలుగు రోజులు ఆలస్యమైంది, అంతే.

నాకు బాగా నచ్చింది సూపర్‌చార్జర్ గుండెకాయ. మాది డెన్మార్క్‌కు చెందిన రోట్రెక్స్ వాళ్ళ యూనిట్. అరచెయ్యంత గాలిచక్రం నిమిషానికి తొంభైవేల చుట్ల దాకా తిరుగుతుంది. అంత వేగానికి పళ్ళ గేర్లు వాడితే మోత, అరుగుదల. అందుకని ఇందులో పళ్ళే లేవు, నున్నటి రోలర్లు మాత్రమే ఉంటాయి. వాటి మధ్య నలిగే నూనె పొర ఆ ఒత్తిడికి క్షణంపాటు గట్టిపడి, ఒకదాని నుంచి ఇంకోదానికి బలాన్ని అందిస్తుంది. అందుకే దాని నూనె వేరు. ఇంజిన్ ఆయిల్ పోస్తే రోలర్లు జారి పాడవుతాయి. మొదటిసారి స్టార్ట్ చేసేముందు గొట్టాల్లో ఆ నూనె నింపి, పుల్లీని చేత్తో తిప్పుతూ, తిరిగొచ్చే గొట్టంలో బుడగలు లేకుండా నూనె వచ్చేదాకా చూడాలి. పుల్లీ నేను తిప్పాను, టార్చి మా పాప పట్టుకుంది.

మూడో ఆదివారం సాయంత్రం సాఫ్ట్‌వేర్ ఎక్కించి తాళం తిప్పాం. రెండు సెకన్లు తడబడి అందుకుంది. బెల్టు వరస సరిగ్గా ఉందా, నూనె ఎక్కడైనా కారుతోందా అని అరగంట టార్చి వేసి చూశాం. మొదటి వంద మైళ్ళు యాక్సిలరేటర్ సగానికి మించి తొక్కకుండా నడిపాం. ఆ తర్వాతే డైనో ఉన్న షాపులో గంట అద్దెకు తీసుకున్నాం. రోడ్డు మీద పూర్తి వేగంలో పరీక్షలు చేయడం నాకు ఇష్టం లేదు. చక్రాల దగ్గర అంతకుముందు 165 ఉన్నది 230 దగ్గరకు వచ్చింది. నేను చూసింది మాత్రం ఇంకో గీత. గాలి, పెట్రోలు పాళ్ళు చివరిదాకా 12 దగ్గరే నిలిచాయి, నాక్ జాడ లేదు. టికెట్ల డబ్బు సంగతి మనసులోంచి దిగింది అప్పుడే.

ఈ రకం సూపర్‌చార్జర్‌లో పీడనం వేగంతో పాటు పెరుగుతుంది, చుట్లు సగమైతే పీడనం సుమారు పావే. కాబట్టి ఊళ్ళో కూరగాయలకు వెళ్ళేటప్పుడు పెద్ద తేడా తెలియదు. మొదటి మెట్టు నుంచే గట్టిగా తొయ్యాలంటే రూట్స్ రకమో, స్క్రూ రకమో కావాలి. బ్రేక్ ప్యాడ్లు, టైర్లు ముందే కొత్తవి వేయించాం. వేగం పెంచే ఖర్చుకు ఒప్పుకుని ఆపే ఖర్చు దగ్గర పిసినారితనం చూపించేవాళ్ళను నేను ఇక్కడే ఇద్దరిని చూశాను.

అక్టోబరులో ఎకో సమ్మిట్ వెళ్ళాం. అక్కడ గాలి పీడనం 11 పీఎస్ఐకి కాస్త పైన. దాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే 16 దాటుతుంది. అంటే ఆ కొండ కొమ్మున మా కారు పీల్చే గాలి, మామూలు కారు సముద్రం ఒడ్డున పీల్చేదానికన్నా చిక్కన. లారీని ఒకే గేరు దించి దాటేశాం. సన్నటి ఈల లాంటి చప్పుడు ఒకటి వస్తుంది, మా పాప దానికి కుక్కర్ అని పేరు పెట్టింది. ఇంకో ఆరువేల మైళ్ళకు బెల్టు బిగువు చూసే పని ఉంది, ఆ తారీఖు నా క్యాలెండర్‌లోనే రాసుకున్నాను.