ఘాత సమీకరణములు – ప్రధాన కారణాంకములు

8 యొక్క య-ఘాతము 32 అయినచో య విలువ యెంత? ఒక పరీక్షలో నేనీ ప్రశ్న నీయగా, పలువురు విద్యార్థులు 4 అని వ్రాసిరి. 32ను 8చే భాగించిరన్నమాట! 8ని నాలుగు మారులు కూడిన 32 వచ్చును గాని, నాలుగు మారులు గుణించిన 4,096 వచ్చును గదా.

ఇట్టి లెక్కలలో మొదట సంఖ్యలను వాని ప్రధాన కారణాంకములుగా విడదీయవలెను. ఒకటికంటె పెద్దదై, తనచేతను ఒకటిచేతను దప్ప మఱి యే సంఖ్యచేతను నిశ్శేషముగా భాగింపబడనిది ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7, 11 మొదలగునవి యట్టివి. 8 = 2³; 32 = 2⁵. కావున 8 యొక్క య-ఘాతమనగా 2 యొక్క 3య-ఘాతమే. అది 2⁵నకు సమానము గనుక 3య = 5; య = 5/3. సరిచూతము: 8 యొక్క ఘనమూలము 2, దాని యైదవ ఘాతము 32.

"ఆధారములు సమానమైనచో ఘాతాంకములును సమానములు" అని నేను నల్లబల్లపై వ్రాసి యుంటిని. వెనుక బల్లమీది బాలుడొకడు లేచి, "మాస్టరుగారూ, 1 యొక్క య-ఘాతము 1⁵నకు సమానమైన, య 5 కావలెనా?" అని యడిగెను. తరగతి నవ్వినది, నేను నవ్వలేకపోతిని. 1 యొక్క ఘాతములన్నియు 1 యే. ఆ ఆధారముతో య యేదైనను కావచ్చును. తప్పు నా సూత్రములోనిది. ఆధారము ధనసంఖ్యయై, 1 గాక యుండవలెనను నియమమును నేను విడిచితిని. 2 వంటి యాధారమునకు ఘాతాంకము పెరిగిన కొలది విలువయు పెరుగుచునే యుండును. అందుచే రెండు వేఱు ఘాతాంకములకు ఒకే విలువ రానేరదు.

ఒక సంఖ్యను ప్రధాన సంఖ్యల లబ్ధముగా ఒకే విధముగ మాత్రమే వ్రాయవచ్చును. కారణాంకముల వరుస మార్చుట లెక్కలోనికి రాదు. దీనికి పునాదియైన సిద్ధాంతమును యూక్లిడు తన గ్రంథము యొక్క యేడవ భాగమున నిరూపించెను. గౌసు 1801లో దీనిని స్పష్టముగా స్థాపించెను. 1957కు పూర్వము రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు; అనగా 192 = 2⁶ × 3. అందు 3 యున్నది గనుక, ముగ్గురు సోదరులు రూపాయిని తలకు 5 అణాల 4 పైల చొప్పున సరిగా పంచుకొనగలిగిరి. నూఱు పైసలలో 3 లేదు: 100 = 2² × 5². ఎట్లు పంచినను ఒక పైస మిగులును.

ఇక రెండు అవ్యక్తములు గల లెక్క. య, ర పూర్ణసంఖ్యలు. 12 యొక్క య-ఘాతమును 18 యొక్క ర-ఘాతముచే గుణించిన 3,888. 12 = 2² × 3; 18 = 2 × 3²; 3,888 = 2⁴ × 3⁵. ఇరువైపుల 2లను లెక్కింపగా 2య + ర = 4; 3లను లెక్కింపగా య + 2ర = 5. కావున య = 1, ర = 2. ఒక్క సమీకరణమే రెండుగా చీలినది!

6 యొక్క య-ఘాతము 72 అయినప్పుడో? 72 = 2³ × 3². 6 యొక్క యే ఘాతమునందైనను 2లును 3లును సమసంఖ్యలో నుండును. 72 యొక్క ఘాతములలో ఎన్నడును అట్లుండవు. కావున య పూర్ణసంఖ్య కాదు, భిన్నమును కాదు. అయినను 6² = 36, 6³ = 216 గనుక, 2కును 3కును నడుమ నొక విలువ యుండితీరవలెను. ఇచ్చట మన పద్ధతి యాగిపోవును. 1614లో నేపియరు ప్రకటించిన లాగరిథములు తోడురావలెను. వానివలన య సుమారు 2.387 అని తేలుచున్నది.

విద్యార్థులకొక లెక్క: య, ర పూర్ణసంఖ్యలై, 45 యొక్క య-ఘాతమును 75 యొక్క ర-ఘాతముచే గుణించిన 1,51,875 వచ్చును. జవాబు ఇచ్చట వ్రాయను. సాధించినవారు పలక తెచ్చి నాకు చూపుడు.