మందస వెళ్తే గున్నమ్మ ఊరూ చూడండి

కంచిలి వచ్చే చుట్టాలు ముందు తికమకపడేది స్టేషను పేరు దగ్గరే. దిగేది కంచిలిలో, బోర్డు మీద పేరు సోంపేట! సరే, దిగిన దగ్గర్నుంచీ అందరూ అడిగేవి బారువ సముద్రం, మందస వాసుదేవ పెరుమాళ్ గుడి, అక్కడి కోవా. చూడవలసినవే, తినవలసిందే, కాదనను. కాని అక్కయ్యలూ, అదే మందస మండలంలో గుడారి రాజమణిపురం ఉంది. పిల్లల్ని అక్కడికీ తీసుకెళ్లండి.

ఆ రోజుల్లో అడవి మీద పెత్తనం మందస జమీందారుది. వంటచెరకు తెచ్చుకోవాలన్నా, నాగలికి కర్ర కొట్టుకోవాలన్నా ఆంక్షలే. పొయ్యిలోకి కట్టె లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో మనకొకరు చెప్పాలా? 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగింది. ఆ ధైర్యంతో రైతులు అడవిలో కర్ర కొట్టుకొచ్చారు. ఏప్రిల్ 1న వాళ్లను పట్టుకుపోవడానికి పోలీసులు వచ్చారు. సాసుమాన గున్నమ్మ ఎదురు నిలబడింది. అప్పటికామె గర్భిణి. కాల్పుల్లో ఆమె, ఆమెతోపాటు మరికొందరు రైతులూ ప్రాణాలు విడిచారు.

ఇప్పుడక్కడ స్మారక స్తూపం ఉంది. గుడి చూసుకుని, భోజనాల వేళకు ముందే వెళ్లి రండి. ఊళ్లో ముసలమ్మలు కనిపిస్తే పలకరించండి. వాళ్ల అమ్మలు చెప్పిన మాటలు వాళ్ల దగ్గర ఉంటాయి.