స్టీరియో కొనేముందు హాలు వంక చూడండి!

షాపులో విన్నప్పుడు ఎంతో కమ్మగా ఉన్న స్టీరియో ఇంటికి తెచ్చి పెట్టగానే 'బుంయ్'మని మోగుతోందా? తబలా మోతలో పాట మాటలే వినబడకుండా పోతున్నాయా? తప్పు సెట్టుది కాకపోవచ్చు, మీ హాలుది కావచ్చు! వేలు పోసి ఇంకో సెట్టు తెచ్చినా అదే హాల్లో పెడితే అదే తంతు. అందుకే డబ్బు చేయి దాటకముందే ఈ నాలుగు సంగతులూ తెలుసుకోండి.

గది చేసే గారడీ

స్పీకరు శబ్దంలో కొంత మన చెవికి నేరుగా వస్తుంది. మిగతాది గోడలకూ, నేలకూ తగిలి తిరిగొస్తుంది. 12 అడుగుల పొడవున్న గదిలో సుమారు 47 హెర్ట్జ్ బేస్ శబ్దం ఆ చివరి గోడల దగ్గర ఉబ్బిపోతుంది, గది మధ్యలో సన్నగిల్లుతుంది. సోఫా గోడకు ఆనించి ఉంటే ఒక అడుగు ముందుకు జరిపి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఓ చప్పట్టు కొట్టండి. శబ్దం ఖంగుమని సాగితే నున్నటి నేలా, బోసి గోడలూ దాన్ని తిప్పికొడుతున్నాయన్నమాట. మందపాటి కర్టెన్లు, కింద జంపఖానా, ఓ పుస్తకాల అలమర ఉంటే చాలావరకు సర్దుకుంటుంది.

రూమ్ కరెక్షన్ అంటే?

కూర రుచి చూసి ఉప్పు సరిచేస్తాం కదా! ఇదీ అంతే. మీరు కూర్చునే చోట చిన్న మైకు పెడితే, ఆంప్లిఫయరు స్పీకర్లలోంచి పరీక్ష శబ్దాలు పంపి, గది దేన్ని ఎక్కువ చేస్తోందో కొలిచి దాన్ని తగ్గిస్తుంది. డెనాన్, మరాంట్జ్ రిసీవర్లు చాలావాటిలో ఉండే ఆడిస్సీ, యమహా వారి వైపావో, స్వీడన్‌లో పుట్టిన డిరాక్ ఈ కోవలోవే.

అయితే ఇది సర్వరోగనివారిణి కాదండోయ్! ఖంగుమనే మోతను ఇది పోగొట్టలేదు. సన్నగిల్లిన బేస్‌ను 10 డెసిబెల్స్ పెంచాలంటే ఆంప్లిఫయరు 10 రెట్లు శక్తి ఇవ్వాలి. అలాంటిచోట కుర్చీనో, స్పీకరునో జరపడమే మందు.

ఏం చూసి కొనాలి?

* ఎక్కువ డబ్బు స్పీకర్లకే కేటాయించండి. చిన్న హాలుకు నిలువెత్తు స్పీకర్లు అక్కర్లేదు. స్టాండు మీద పెట్టే బుక్‌షెల్ఫ్ రకం చాలు.
* ఆంప్లిఫయరు కొనేటప్పుడు అడగండి: మైకు పెట్టెలోనే వస్తుందా? కరెక్షన్‌ను బేస్ వరకే పెట్టుకోవచ్చా? ఆపి, మళ్లీ వేసి పోల్చుకోవచ్చా?
* స్పీకరు ఎన్ని ఓమ్‌లో, ఆ ఆంప్లిఫయరు దానికి పనికొస్తుందో లేదో రాసి ఉన్నది చదవండి.
* సబ్‌వూఫర్ తర్వాత కొనుక్కునే వీలుందేమో చూసుకోండి.

ఇంటికి తెచ్చాక

రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కోదానికీ మీ కుర్చీకీ మధ్య కూడా దాదాపు అంతే ఉండాలి. కొలత తీసేటప్పుడు ఫ్యాను ఆపేయండి. కుక్కరు కూతపెట్టే వేళా, పిల్లలు అల్లరి చేసే వేళా వద్దు. మైకును చేత్తో పట్టుకోకుండా చెవి ఎత్తులో స్టాండుకు అమర్చండి. సోఫా జరిపినా, కర్టెన్లు మార్చినా మళ్లీ కొలవాలి.

చివరగా మోనోలో రికార్డయిన పాత పాట ఒకటి పెట్టండి. గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ నుంచి వస్తే అంతా కుదిరినట్టే. ఎటూ తేలకుండా, బేస్ పలచబడి వినిపిస్తే ఒక స్పీకరు వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే కలపాలి.

సెట్టు ఎంపిక మగవాళ్ల పని అని ఊరుకోకండి. సోఫా ఎక్కడుండాలో, కర్టెన్ ఏది వేయాలో చూసుకునేది మీరేగా! ఈసారి షాపుకు హాలు కొలతలు రాసుకుని మీరూ వెళ్లండి.